పెద్దాసుపత్రి వార్డులో రోగికి ఒక్క సహాయకుడేనా?

పాకాల రైతుబిడ్డ (చర్చ ప్రారంభం)

పెద్ద ప్రభుత్వాసుపత్రులలో రోగి వెంట ఒక్క మనిషినే ఉండనిచ్చి, పాసు లేనివారిని గేటు దగ్గరే ఆపివేయాలన్న నిబంధన సమంజసమేనా అన్నది నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక యువ వైద్యురాలు డ్యూటీలో ఉండగానే హత్యకు గురయ్యారు. వైద్య సిబ్బంది భద్రతకు సూచనలు చేయడానికి సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించింది. అప్పటినుంచి పాసుల విషయంలో పట్టు బిగించాలన్న మాట ఎక్కువగా వినిపిస్తున్నది. వైద్యులకూ నర్సులకూ ఆ భద్రత కావాలని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నా అభ్యంతరం మరొక చోట ఉంది.

మా నాన్నకు తుంటి ఎముక విరిగినప్పుడు ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాము. ఎక్కడ అన్నది చెప్పదలచుకోలేదు. ఉదయం తీసిన రక్తపు సీసాను ల్యాబుకు తీసుకువెళ్ళింది నేనే, సాయంత్రం రిపోర్టు తెచ్చింది నేనే, వార్డు నుంచి ఎక్స్‌రే గదికి స్ట్రెచర్ తోసింది నేనూ పక్క మంచం రోగి అల్లుడూ. ఆపరేషనుకు ముందురోజు రక్తం కావాలన్నారు. తమ్ముడు రక్తం ఇవ్వడానికి వచ్చాడు గానీ, ఇచ్చిన తరువాత అతనిని వార్డులోకి రానివ్వలేదు, ఎందుకంటే పాసు నా దగ్గర ఉంది, నేను బ్లడ్ బ్యాంకు దగ్గర క్రాస్ మ్యాచింగు కోసం, అంటే ఎక్కించే రక్తం నాన్న రక్తంతో సరిపోతుందో లేదో చూసే పరీక్ష కోసం, నిలబడి ఉన్నాను. ఆ గంటన్నరలో కాలు కదపలేని మా నాన్న పక్క తడుపుకొని, ఎవరినీ పిలవడానికి సిగ్గుపడి, అలాగే పడుకొని ఉన్నారు. నేను వచ్చేసరికి ఆయన ముఖం గోడవైపు తిప్పుకొని ఉన్నారు.

ఆసుపత్రి చేయవలసిన పనిని రోగి ఇంటివారి చేత చేయిస్తున్నంతకాలం రెండవ మనిషిని చూడవచ్చిన చుట్టంగా లెక్కకట్టడం అన్యాయమని నా అభిప్రాయం. ముందు పనికి సరిపడా చేతులు ఉన్నాయో లేదో లెక్క చూసి, తరువాత పాసులు లెక్కపెట్టాలి.

విశ్రాంత హెడ్ నర్సు, తిరుపతి

పాకాల సోదరునికి నమస్కారం. మీ నాన్నగారికి జరిగింది చదివి బాధ కలిగింది. అటువంటి పక్కలను నేను ముప్పైయొక్క ఏళ్ళు మార్చాను, మార్చలేక వదిలేసిన రోజులు కూడా ఉన్నాయి. అయినా ఒక్క పాసు నిబంధన ఉండవలసిందేనని చెబుతున్నాను.

నలభై మంచాల వార్డును ఊహించండి. మంచానికి ముగ్గురు చొప్పున ఉంటే నూట ఇరవై మంది అదనం. మంచం కింద ఒకరు పడుకుంటారు, మంచం మీద రోగి కాళ్ళ దగ్గర ఒకరు కూర్చుంటారు, మూడవవారు టిఫిను క్యారియరుతో నడవాలో నిలబడతారు. ఒక రాత్రి ఒక పెద్దాయనకు గుండె ఆగినప్పుడు మందుల ట్రాలీని ఆయన మంచం దాకా తోసుకుపోవడానికి దారి లేక, నిద్రలో ఉన్నవారిని లేపుకుంటూ పోవలసివచ్చింది. ఆ ఆలస్యాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. కాలిన గాయాల రోగుల దగ్గరకు చేతులు కడుక్కోకుండా వచ్చి తాకేవారిని ఆపలేకపోవడం ఇంకొక బాధ. ఆడవారి వార్డులో డ్రెస్సింగు చేస్తుండగా పక్క మంచం తాలూకు మగవారు కదలకుండా చూస్తూ నిలబడితే, ఆ రోగి పడే అవమానాన్ని ఏ పాసు తీర్చగలదు?

దాడుల సంగతి కూడా చెప్పాలి. వైద్య సిబ్బందిపై దాడి చేసినవారికి మూడేళ్ళ వరకు జైలు, యాభై వేల రూపాయల వరకు జరిమానా విధించే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచే ఉంది. అది జరిగిన తరువాత పనికివచ్చేది. జరగకముందు పనికివచ్చేది వార్డులో జనం తక్కువగా ఉండడమే.

అసలు మాట ఇది. సాధారణ వార్డులలో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతుంది. నేను చేసిన రాత్రి డ్యూటీలలో, సాయంత్రం ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా, నలభై మందికి ఇద్దరం ఉండేవాళ్ళం. ఒక ఎం.ఎన్.ఓ., అంటే స్ట్రెచర్ తోయడం వంటి పనులు చేసే మగ సహాయక ఉద్యోగి, రెండు వార్డులు చూసేవాడు. మీరు అడుగుతున్న రెండవ పాసు ఇచ్చేస్తే ఈ కొరత ఎవరి కంటికీ కనబడకుండా పోతుంది. స్ట్రెచర్ తోయడానికి ఇంటివారు ఉన్నారు కదా అని, ఖాళీ అయిన ఎం.ఎన్.ఓ. పోస్టులను, అదే పని చేసే ఆడవారి ఎఫ్.ఎన్.ఓ. పోస్టులను ఎవరూ భర్తీ చేయరు. ప్రేమతో మీరు చేసిన సేవే మీ తరువాత వచ్చే రోగికి రావలసిన మనిషిని రాకుండా చేస్తుంది.

హౌస్ సర్జన్

నేను చూసినంతలో ఒక మాట. జ్వరంతో వచ్చిన ఒక పసిబిడ్డకు రాత్రి ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయో, ఒక్కొక్కటి ఎంతసేపు ఉందో కేస్ షీటులో కన్నా తల్లి నోట స్పష్టంగా తెలిసింది. కనుక సహాయకులను అడ్డంకిగా మాత్రమే చూడలేను. కానీ మనిషి మారిన కొద్దీ కథనం మారుతుంది. ఉదయం రౌండ్సులో అన్న ఒకటి, సాయంత్రం బావ మరొకటి చెప్పిన రోగి విషయంలో మందులకు ఎలర్జీ ఉన్న సంగతి మాకు రెండవ రోజుకు గానీ తెలియలేదు. ఎందరు అన్నదానికన్నా, ఉన్నవారు అదే మనిషిగా ఉండడం నాకు ముఖ్యమనిపిస్తుంది.

చిత్తూరు ఉపాధ్యాయిని

ఇంటివారు ఆసుపత్రిలో ఉండడాన్ని కొరతకు ప్రత్యామ్నాయంగా మాత్రమే చూడడం సరికాదని హెడ్ నర్సు గారికి మనవి చేస్తున్నాను. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశారు. మా చిత్తూరు పక్కనే ఉన్న వేలూరులో 1957లో మొదలైన మానసిక వైద్య కేంద్రంలోనూ కుటుంబం రోగితో పాటు ఉండడం చికిత్సలో భాగమే. ప్రసవ సమయంలో తల్లి కోరుకున్న ఒక ఆడమనిషి తోడుగా ఉండవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రభుత్వాసుపత్రులకు మార్గదర్శకాలు ఇచ్చింది. తోడు ఉన్న స్త్రీకి కాన్పు సులభమవుతుందని పరిశోధనలు చూపించాయి కనుకనే ఆ మార్పు వచ్చింది. ఈ ఉదాహరణలన్నిటిలోనూ తోడుకు వచ్చినవారికి ఒక పని, ఒక చోటు, చెప్పేవారు ఒకరు ఉన్నారు. మన వార్డులలో ఆ మూడూ లేవు.

ఇక ఇప్పటిదాకా ఎవరూ తడమని విషయం ఒకటి ఉంది. మా అత్తగారితో నేను వార్డులో ఉన్నప్పుడు ఎదురు మంచంలో ఎవరూ లేని ఒక ముసలావిడ ఉండేది. రోడ్డు పక్కన పడి ఉంటే 108 వాహనంలో తెచ్చారట. ఆమెకు గంజి తాగించింది శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక రోగి కూతురు. చీర మార్చింది నేను. స్కానింగుకు తీసుకువెళ్ళవలసిన రోజున ఆమె చీటీ దిండు కింద రెండు రోజులు అలాగే ఉండిపోయింది, ఎందుకంటే తోసుకువెళ్ళే సొంత మనిషి లేడు, మా మంచాల వాళ్ళం ఎవరి పనిలో వాళ్ళం ఉన్నాము. తిరుపతిలో రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రి రోగులకు తిరుమల తిరుపతి దేవస్థానం ఉచితంగా భోజనం పంపుతుంది, అది గొప్ప సంగతి. అయితే ఆ అన్నం పళ్ళెంలో పెట్టుకొని లేచి తినలేని మనిషికి దానిని నోటికి అందించడానికి మరొక చేయి కావాలి.

ఒక పాసా రెండు పాసులా అన్న వాదనలో, ఒక్కరైనా ఉన్నారన్న నమ్మకం ముందే దాగి ఉంది. ఆ ముసలావిడకు సున్నా పాసులు.

పాకాల రైతుబిడ్డ

ఉపాధ్యాయిని గారు చెప్పిన ముసలావిడ గురించి చదివిన తరువాత నా వాదనలో ఒక భాగాన్ని ఉపసంహరించుకుంటున్నాను. మా నాన్నకు మేమిద్దరం కొడుకులం ఉన్నాము కాబట్టి రెండవ పాసు అడిగాను. రెండవ కొడుకు లేనివాడు నా కోరిక వల్ల ఇంకొంచెం వెనక్కు పోతాడని అప్పుడు తోచలేదు. హెడ్ నర్సు అమ్మగారు చెప్పిన పోస్టుల సంగతి కూడా అక్కడే అర్థమయింది.

అయినా పోస్టులు భర్తీ అయ్యేదాకా మంచం మీద ఉన్న మనిషి ఆగలేడు కదా. అందువల్ల ఎప్పటికీ ఉండే రెండవ పాసుకు బదులు, ఆపరేషను రోజున, రక్తం కావలసిన రోజున, స్ట్రెచర్ మీద బయటికి తీసుకువెళ్ళవలసిన సమయంలో ఆ పూటకు మాత్రం మరొకరికి చీటీ ఇవ్వాలని అడుగుతున్నాను. రక్తపు సీసాలను మాత్రం ఇంటివారి చేతికి అసలు ఇవ్వకూడదు. రెండు సీసాలు తారుమారైతే ఏమవుతుందో తలచుకుంటేనే భయం వేస్తుంది.

విశ్రాంత హెడ్ నర్సు, తిరుపతి

సీసాల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పూట చీటీకి కూడా ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఆసుపత్రి పని మీద ఇంటివారిని పంపిన ప్రతిసారీ, ఎవరిని, ఎందుకు, ఏ మనిషి లేనందువల్ల పంపామో వార్డు రిజిస్టరులో ఒక వరుస రాయాలి. నెల తిరిగేసరికి ఆ వరుసలే సూపరింటెండెంటు గారి బల్ల మీద పోస్టులు అడిగే కాగితం అవుతాయి. ఉపాధ్యాయిని గారు చెప్పిన రోగి వంటివారి పేరు అదే రిజిస్టరులో మొదటి పేజీలో ఉండాలి, డ్యూటీలో ఉన్న ఎం.ఎన్.ఓ. గానీ ఎఫ్.ఎన్.ఓ. గానీ ఆమె చీటీ పని ముగించిన తరువాతే తక్కినవి అందుకోవాలి.

రాత్రి ఎనిమిది దాటిన తరువాత ఆడవారి వార్డులోకి ఆ పూట చీటీ మీద మగవారిని రానివ్వడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆపరేషను అయిన రాత్రి భార్య దగ్గర భర్త ఉండాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఆ వార్డులో మరి ముప్పైతొమ్మిది మంది ఆడవాళ్ళు పడుకొని ఉంటారు.

పాకాల రైతుబిడ్డ

రిజిస్టరు మాట నాకు నచ్చింది. రాత్రి సంగతిలో మాత్రం మనకు కుదరలేదు అమ్మా. ఇంట్లో వేరే ఆడదిక్కు లేని భార్యాభర్తలు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆ రాత్రికి ఆ వార్డులో ఒక ఎఫ్.ఎన్.ఓ. తప్పక ఉంటుందని ఎవరైనా రాసి ఇస్తే, ఆ భర్తను బయట అరుగు మీద కూర్చోమని చెప్పడానికి నేనే వెళతాను.