చింతపండుకి నోరూరుతుంది సరే, ఔచిత్యం దగ్గర బుర్ర ఎందుకు ఆగుతుంది?

"చింతపండు అనగానే నోట్లో నీళ్లూరతాయి, ఔచిత్యం అంటే మాత్రం ఒక్క క్షణం తడబడతాం. సంస్కృతం మాటలు కాబట్టే ఈ తిప్పలు" అని పైన ఒకరు రాశారు. మొదటి సగం నిజమేనండీ. నా పేచీ రెండో సగంతోనే.

జాలి, పొగరు, అలక, ఓర్పు. వీటిలో సంస్కృతం లేదు, చేత్తో పట్టుకునే వస్తువూ లేదు. అయినా చిన్న పిల్లలు కూడా "తాతయ్య అలిగాడు" అని ఎంచక్కా అనేస్తారు. అదే 'దధి' అంటే? గిన్నెలో ఉండే పెరుగే, కానీ చాలామంది నీళ్లు నములుతారు. మాటకి రూపం ఉందా లేదా అన్నది ఒకటి, అది మన నోట్లో ఎంత నలిగింది అన్నది ఇంకొకటి. బడి పుస్తకాల్లో అమూర్త పదాలు, అంటే ఔచిత్యంలా చేతికి చిక్కని మాటలు, ఎక్కువగా సంస్కృతానివే కావడంతో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

మూర్త పదాలు, అంటే చింతపండులా చేతికి అందే వాటి పేర్లు, త్వరగా గుర్తుంటాయన్నది పాత సంగతే. కెనడాలో అలన్ పైవియో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఇద్దరు సహచరులతో కలిసి 925 ఇంగ్లీషు నామవాచకాలకి, అవి ఎంత తేలిగ్గా బొమ్మ కడతాయో లెక్కలు ప్రచురించాడు. ఆయన వాదన ప్రకారం 'చింతపండు' మనసులో రెండు చోట్ల నిలుస్తుంది, మాటగా ఒకసారి, బొమ్మగా ఒకసారి. 'ఔచిత్యం'కి ఉన్నది మాట ఒక్కటే.

నాకు మాత్రం 1983లో ష్వానెన్‌ఫ్లూగెల్, షోబెన్ అనే పరిశోధకులు చేసిన పని ఎక్కువ నచ్చుతుంది. అమూర్త వాక్యాలను విడిగా ఇస్తే చదవడానికి ఎక్కువ సమయం పట్టింది. ముందు తగిన సందర్భం చెప్పి ఇస్తే ఆ తేడా పోయింది. అంటే చింతపండు తన చారునీ పులిహోరనీ వెంటబెట్టుకుని వస్తుంది, ఔచిత్యానికి సందర్భం మనమే ఇవ్వాలి. మన గైడ్లలో ఏం చేస్తారు? 'ఔచిత్యం = ఉచితత్వం' అని రాసి చేతులు దులుపుకుంటారు. పిల్లాడికి తెలిసిన ఉచితం ఉచిత బస్సే కదా! "చావింటికి వెళ్లి పెళ్లి కబుర్లు చెప్పడం ఔచిత్యం కాదు" అనండి, ఇక వాడికి అర్థం చెప్పక్కర్లేదు.

అలక, పొగరు ఎందుకు తేలికో కూడా కొంత తెలుసు. 2011లో కౌస్టా, విగ్లియోకో తదితరులు అమూర్త పదాల్లో భావోద్వేగం పాలు ఎక్కువని చూపించారు. బొమ్మ కట్టే గుణాన్నీ సందర్భం దొరికే తీరునీ రెండు వైపులా సమానం చేసి చూస్తే, అమూర్త పదాలనే కాస్త త్వరగా గుర్తుపట్టారట. అలక ఏమిటో నిఘంటువు చూసి నేర్చుకోలేదు కదా, అలిగే నేర్చుకున్నాం.

ఇక "మెదడుకి మూర్తమే తేలిక, అంతే" అనేవాళ్ల కోసం ఒక రోగి కథ. మెదడు దెబ్బలు మాటల్ని ఎలా చెడగొడతాయో పరిశోధించిన ఎలిజబెత్ వారింగ్టన్ 1975లో లండన్ నుంచి ఏబీ అనే పొడి అక్షరాలతో ఆయన గురించి రాసింది. ప్రాధేయపడటం అనే అర్థమున్న బరువైన ఇంగ్లీషు మాట అడిగితే, సాయం కోసం గట్టిగా వేడుకోవడమని చక్కగా చెప్పాడు. ఎండుగడ్డి అంటే ఏమిటంటే మరిచిపోయానన్నాడు. సూదీ అంతే. మెదడు దెబ్బతిన్న చాలామందిలో కనిపించేది దీనికి తలకిందులు, అమూర్త పదాలే ముందు జారిపోతాయి. ఇలాంటి మనిషి ఒక్కడున్నా, ఒకటి సులువు ఒకటి కష్టం అనే ఒకే నిచ్చెన మీద మాటలన్నిటినీ నిలబెట్టలేం. వాటిని మోసే ఏర్పాట్లే కొంతవరకు వేరని ఒప్పుకోవాలి.

జత చేస్తున్నాను: 'కడుపు మండింది' మూర్తమా, అమూర్తమా అని కింద అడిగారు. మంచి చిక్కు పెట్టారు. విడివిడిగా కడుపూ మంటా ఒంటికి తెలిసేవే. "వాడికి ప్రమోషన్ ఇచ్చారని తెలిసి కడుపు మండింది" అంటే ఎవరూ మన పొట్ట వంక చూడరు. "మిర్చి బజ్జీలు తిన్నా, కడుపు మండిపోతోంది" అంటే మాత్రం మజ్జిగ తెస్తారు.