ఘాట్ ఎక్కేటప్పుడు లారీ మిస్ కొట్టి ఆగిపోతోంది, పంపు విప్పించాలా?

సాలూరు పదిటైర్లు:
అందరికీ నమస్కారం. నాది 2007 మోడల్ పది టైర్ల లారీ. ఆరు సిలిండర్ల ఇంజన్, సిలిండర్లకి డీజిల్ కొట్టేది పాత ఇన్‌లైన్ పంపు, సెన్సార్లు గట్రా ఏమీ లేవు. విశాఖ నుంచి సాలూరు, కోరాపుట్ మీదుగా రాయపూర్ లైన్లో తిప్పుతుంటాను. ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు ముందు పికప్ పడిపోతోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఇంజన్ అందుకోదు, మిస్ కొడుతుంది, కాస్త తెల్ల పొగ వదిలి ఆగిపోతుంది. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టి, ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేస్తే నురగ వస్తుంది. ఆ నురగ పోయి తేట డీజిల్ వచ్చేదాకా కొడితే స్టార్ట్ అవుతుంది. కొంత దూరం పోయాక మళ్లీ అదే కథ. కొన్ని ట్రిప్పుల్లో అసలు రాదు, అదే అర్థం కావడం లేదు.

సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్‌లో లోడు బండి ఆగితే ఎంత టెన్షనో ఈ లైన్లో తిరిగేవాళ్లకి తెలుసు. ఇంజన్ ఆగితే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, కంప్రెసర్ ఆగిపోతుంది కాబట్టి ట్యాంకుల్లో ఉన్న గాలితోనే బ్రేకు పట్టాలి. క్లీనర్ కుర్రాడు దూకి వెనక చక్రానికి రాయి అడ్డం పెడతాడు. ఆ రాయి తీసి రోడ్డు పక్కకి వేసేదాకా నేను బండి కదపను, వెనక బైకు మీద వచ్చేవాడి ప్రాణం కదా.

రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చాను. ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు జాలీ కడిగాను. ఇక్కడి మెకానిక్ పెద్ద పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు దింపి కాలిబ్రేషన్ (కొలత సరిచూసి సెట్ చేయడం) చేయించాల్సిందే అంటున్నాడు. చిన్న ఖర్చు కాదు. విప్పే ముందు తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు టిప్పర్:
ఎయిర్ ఫిల్టర్ చూశావా అన్నా? నా బండి కూడా లోడు మీద లాగేది కాదు, ఫిల్టర్ నిండా క్వారీ దుమ్ము. కాకపోతే నాకు వచ్చింది నల్ల పొగ.

ఆటోనగర్ డీజిల్:
తమ్ముడూ, పంపు విప్పించకు. బెజవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకి ఇలాంటి బండ్లు చాలా వస్తాయి, కాలిబ్రేషన్ చేయించుకుని కూడా అదే రోగంతో. నురగ వస్తోందని నువ్వే రాశావు, సగం జవాబు అక్కడే ఉంది. పంపులోకి గాలి వెళుతోంది. డీజిల్ నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్ కొట్టిన దెబ్బ ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. మిస్ కొట్టడం, ఆగిపోవడం అందుకే.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే లైను. అక్కడ సందు ఉంటే ఇంజన్ నడిచేటప్పుడు డీజిల్ కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా తడి కనిపించక అందరూ పంపు మీద పడతారు. పైపులు బిగించే బాంజో బోల్టుల (మధ్యలో రంధ్రం ఉండే బోల్టులు) దగ్గర రాగి వాషర్లు కొత్తవి వెయ్యి, వాడినవి మళ్లీ వాడొద్దు. రబ్బరు పైపుని క్లిప్పు దగ్గర వంచి చూడు, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. డీజిల్‌లో నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ గిన్నె రింగు కూడా చూడు.

తర్వాత అసలు పరీక్ష. ఇంట్లో, బండి ఖాళీగా ఉన్నప్పుడు, ఒక క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, అందులోంచి ఫీడ్ పంపుకి నేరుగా పైపు పెట్టు. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా ఆ క్యాన్‌లోనే ముంచు. రేస్ చేసి చూడు. రిటర్న్‌లో బుడగలు ఆగిపోతే తప్పు ట్యాంకు వైపు ఉన్నట్టు. అప్పటికీ వస్తే ఫీడ్ పంపు దగ్గరే వెతకాలి.

ఐడ్లింగ్‌లో నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూశావా? ఏ సిలిండర్‌ది వదిలితే ఇంజన్ శబ్దం మారదో అది పని చేయనట్టు. ఇది పాత పంపు బండ్లకే. కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే కొత్త డీజిల్ సిస్టమ్) బండ్లలో ఎవరూ ఈ పని చేయకండి, ఆ పైపుల్లో 1,000 బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

ఒక్కటి చెప్పు: ఫుల్ ట్యాంకుతో ఎప్పుడైనా ఆగిందా?

సాలూరు పదిటైర్లు:
ఆరు నట్లూ వదిలి చూశాను మేస్త్రీ గారూ, ఆరింటికీ శబ్దం ఒకేలా పడిపోయింది. క్యాన్ పెడితే బుడగ అన్నదే లేదు, ఎంత రేస్ చేసినా. మీరు అడిగాక గుర్తు చేసుకుంటే, ఫుల్ ట్యాంకుతో సాలూరు ఘాట్ ఎక్కినప్పుడు ఎప్పుడూ ఆగలేదు. తిరుగు లోడుతో జగదల్‌పూర్ దాటి కోరాపుట్ వైపు వచ్చేటప్పుడే ఎక్కువ. అప్పటికి ట్యాంకు సగం కంటే కిందకి దిగి ఉంటుంది.

ఆటోనగర్ డీజిల్:
అయితే ట్యాంకు లోపలి సక్షన్ గొట్టం బయటికి తియ్యి. మధ్యలో ఎక్కడో చీలి ఉంటుంది. బోండాం తాగే స్ట్రాకి మధ్యలో చిల్లు పడితే ఎలాగో అలాగే: చిల్లు నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ తెలియదు, బయటపడగానే గాలే వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ట్యాంకు వెనక్కి జరుగుతుంది, గొట్టం ముందు వైపు ఉంటే చీలిక ఇంకా ముందే బయటపడుతుంది. పైగా ఫుల్ లోడులో ఇంజన్ ఎక్కువ పీలుస్తుంది.

సాలూరు పదిటైర్లు:
దొరికింది! గొట్టం పైనుంచి జానెడు కిందకి, అతుకు వెంట వెంట్రుకంత చీలిక. ఉత్త కంటికి గీతలా ఉంది. కింది కొన వేలితో మూసి, నీళ్ల బకెట్లో ముంచి, పైనుంచి గాలి ఊదితే బుడగలు వరసగా వచ్చాయి. గ్యాస్ వెల్డింగ్ చేయించుకోనా, కొత్తది వెయ్యనా?

ఆటోనగర్ డీజిల్:
కొత్తది వెయ్యి. దొరికేదాకా నడపాలంటే బయటికి తీసిన గొట్టానికి ఇత్తడి వెల్డింగ్ పెట్టించి, మళ్లీ బకెట్లో ముంచి చూసుకో. ట్యాంకు దగ్గర మాత్రం మంట పెట్టనివ్వకు, ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది. కొత్తది బిగించేటప్పుడు కింద జాలీకీ ట్యాంకు అడుక్కీ వేలెడు సందు ఉంచు, లేకపోతే అడుగున ఉన్న మడ్డి లాగుతుంది. పైన గాస్కెట్ కూడా మార్చు. ట్యాంకు మూతకి గాలి లోపలికి వెళ్లే బ్రీతర్ రంధ్రం పిన్నుతో గుచ్చి శుభ్రం చెయ్యి, అది మూసుకుపోయినా బండి ఇలాగే ఆగుతుంది.

సాలూరు పదిటైర్లు:
కొత్త గొట్టం వేశాను. సగం లోపు డీజిల్‌తో, లోడుతో కోరాపుట్ నుంచి దిగాను, మధ్యలో వచ్చే ఎత్తుల మీద ఒక్కసారి కూడా మిస్ కొట్టలేదు. పంపు విప్పాల్సిన పనే రాలేదు, దాని సీలు అలాగే ఉంది.