మా పెరట్లో పాత దొడ్డి గొయ్యి ఉందట, సీసాల కోసం తవ్వుకుంటామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

లలిత_పిట్స్‌బర్గ్:

అందరికీ నమస్తే అండి. పోయినేడు మేం పిట్స్‌బర్గ్‌లో పాత ఇటుకల ఇల్లు ఒకటి కొన్నాం, 1880ల్లో కట్టింది. మొన్న శనివారం ఇద్దరు పెద్దాయనలు వచ్చి తలుపు కొట్టారు, ఇక్కడివాళ్ళే, రిటైరైనట్టున్నారు. మీ పెరట్లో వెనక కంచె పక్కన ప్రివీ గొయ్యి ఉండి ఉండాలి, అంటే ఇంట్లోకి నీళ్ళ పైపులు రాకముందు వాడిన దొడ్డి, మీరు సరేనంటే తవ్వుకుంటాం, పాత సీసాలు, పింగాణీ సామాన్లు దొరుకుతాయి, మీకూ వాటా ఇస్తాం, అయిపోయాక పూడ్చేసి గడ్డి మళ్ళీ పరిచి పోతాం అన్నారు. ఏదో పాత మ్యాప్ ప్రింట్ తెచ్చారు, అందులో మా ఇల్లు, వెనకాల స్థలం చివర చిన్న చతురం గీసి ఉంది. మావారు అప్పుడే సరే అనేసేవారు, నేనే రెండు వారాలు టైం అడిగాను.

మా అత్తయ్యగారు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, ఆవిడకి అస్సలు ఇష్టం లేదు. దొడ్డి గొయ్యి తవ్వించడమేంటమ్మా, చిన్నపిల్లలున్న ఇల్లు, ఆ మట్టంతా పైకి తెచ్చి పోస్తారా అంటున్నారు. ఆవిడ మాట తీసిపారేయలేను, పిల్లల సంగతి నాకూ బెంగగానే ఉంది, అలాగని ఈ ఇంట్లో మనకంటే ముందు ఎవరున్నారు, ఏం వాడారు తెలుసుకోవాలని చాలా ఉంది. జబ్బులేమైనా వస్తాయా? లీగల్‌గా ఓకేనా? గోతిలో ఎవరికైనా ఏదైనా అయితే మన మీదకొస్తుందా? అసలు అందులో ఏముంటాయి? చేసినవాళ్ళు, చూసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

రవి_క్లీవ్‌లాండ్:

లీగల్ వరకు నేను చెప్తానండి. సొంత స్థలం, ఓనర్ పర్మిషన్ ఉందంటే మామూలుగా ఇబ్బంది లేదు. ఫెడరల్ భూముల్లో అయితే 1979 నాటి చట్టం ఉంది, వందేళ్ళు దాటిన వస్తువుల్ని పర్మిట్ లేకుండా తవ్వి తీస్తే కేసు పెడతారు. మనుషుల ఎముకల్లాంటివి కనపడితే మాత్రం ఎక్కడివక్కడ ఆపేసి పోలీసులకి చెప్పాలి.

తవ్వే ముందు 811కి కాల్ చేయడం మర్చిపోవద్దు. మీ స్టేట్‌లో మూడు వర్కింగ్ డేస్ ముందే చెప్పాలి, వచ్చి గ్యాసు, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో రంగులు వేసి పోతారు, మీకు ఖర్చేం ఉండదు. మీరు సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ పైపుల్లాంటివి వాళ్ళు గుర్తు పెట్టరు, అవి మీరే చూసుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా ఒక ఫోన్ కొట్టి, బయటివాళ్ళు మా పెరట్లో గొయ్యి తవ్వితే కవరేజ్ ఎలా ఉంటుందని అడగండి. ఆ పెద్దాయనల దగ్గర ఒక కాగితం రాయించుకోండి, దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, పూడ్చేది ఎవరు, వాటా ఎంత, అన్నీ అందులో ఉండాలి.

పాతసీసాలు_బాల్టిమోర్:

లలిత గారూ, నాకు ఈ పని అంటే ప్రాణం, చాలా ఏళ్ళుగా వీకెండ్ అయితే ఇదే. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు అత్తయ్యగారి సంగతి. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. వందేళ్ళు దాటిన గొయ్యిలో ఇప్పుడుండేది మట్టే, బొగ్గు బూడిద, సున్నం, ఇటుక ముక్కలు, బాగా అడుగున తడి ఉన్నచోట నల్లటి మెత్తటి మట్టి, అక్కడ మాత్రం కొంచెం వాసన తగలొచ్చు. పాత రోగాల కంటే మనం చూసుకోవాల్సింది వేరే, పాత ఊళ్ళ మట్టిలో పెయింట్ల వల్ల, బూడిద వల్ల లెడ్ ఉంటుంది, అందుకని మట్టి అంతా టార్పాలిన్ల మీదే పోయించండి, ఆ రోజు పిల్లల్ని పెరట్లోకి రానివ్వకండి, పగిలిన గాజు చేతికి గీరుకుంటుంది కాబట్టి గ్లౌజులు, టెటనస్ ఇంజెక్షన్ ఉండాల్సిందే. దీన్ని సెప్టిక్ ట్యాంకుతో కలపొద్దు. మూసి ఉన్న ట్యాంకులో గ్యాసు చేరుతుంది, దిగిన మనిషి నిమిషాల్లో పడిపోతాడు, ఇండియాలో ఇప్పటికీ కార్మికులు అలా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. మీది ఎప్పుడో పూడ్చేసిన గొయ్యి, పైనుంచి విప్పుకుంటూ వెళ్తారు.

అసలు ప్రమాదం గోడ కూలడం. ఒక క్యూబిక్ యార్డు మట్టి 3000 పౌండ్ల దాకా తూగుతుంది, ఛాతీ దాకా పూడుకుపోతే చాలు ఊపిరి ఆడదు. పనివాళ్ళ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా రూల్ అయితే 5 అడుగులు దాటాక పక్క గోడలకి రక్షణ ఉండాలంటుంది. అందుకని వాళ్ళని సూటిగా అడగండి, గొయ్యి చుట్టూ రాతి కట్టుందా, ఇటుకా, లేక చెక్క పలకలా, లోతు ఎంత ఉంటుందనుకుంటున్నారు, గోడ కూలకుండా ఆనికలు ఏం పెడతారు, పైన ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడా, మట్టి అంచుకి ఎంత దూరంలో పోస్తారు అని. తడుముకోకుండా జవాబులు చెప్తే పని తెలిసినవాళ్ళే. నసిగితే వద్దనెయ్యండి, సీసా కంటే మనిషి ముఖ్యం.

వాళ్ళు తెచ్చింది శాన్‌బోర్న్ మ్యాప్ అయ్యుంటుంది, అగ్నిప్రమాదాల ఇన్సూరెన్స్ కోసం ఊరూరికీ గీసినవి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఆన్‌లైన్లో పెట్టారు, మీరూ చూడొచ్చు. మ్యాప్ చూశాక ప్రోబ్ దించుతారు, అంటే అడ్డపిడి ఉన్న సన్నటి స్టీలు ఊచ. కదిలించని నేల గట్టిగా తంతుంది, పూడ్చిన గొయ్యిలో మెత్తగా దిగిపోతుంది, బూడిద తగిలితే కరకరమని చేతికి తెలుస్తుంది, గాజు అయితే టిక్కుమంటుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే.

ఏముంటాయంటే, అప్పట్లో చాలా వీధుల్లో చెత్త బండి లేదు, విరిగిన పళ్ళెం, ఖాళీ మందు సీసా, రాత్రిపూట వాడుకోవడానికి మంచం కింద పెట్టుకునే మూత్రం పాత్ర ముక్కలు, అన్నీ ఆ గోతిలోకే. ఇంట్లోవాళ్ళకి తెలీకుండా తాగిన విస్కీ సీసాలు కూడా. మురుగు పైపు లైను వచ్చాక గొయ్యి అక్కర్లేదు కాబట్టి ఇంట్లో పాతసామాను, బూడిద వేసి నింపేశారు. అందుకే పైన ఉండేది మూసేసిన నాటి చెత్త, దాని కింద ఒక్కోసారి సున్నం పొర, ఇంకా కింద వాడుకలో ఉన్నప్పటి పొర. మధ్యమధ్యలో గొయ్యి ఖాళీ చేసేవాళ్ళు, రాత్రిపూట వచ్చి బకెట్లతో ఎత్తుకుపోయేవాళ్ళు, వాళ్ళకి అందకుండా మూలల్లో, గోడ వారన మిగిలిపోయినవే అన్నిటికంటే పాతవి.

ఒక్కటి చెప్తా. ఒకసారి గోడ వారన చెక్క పుల్లతో మట్టి తీస్తుంటే జానెడు కూడా లేని నీలిపచ్చ గాజు సీసా వచ్చింది, గుండ్రంగా, సన్నగా. బొటనవేలితో తుడుస్తుంటే ఒక్కో అక్షరం బయటపడుతోంది, మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్ అని. పళ్ళొచ్చే పసిపిల్లలు ఏడవకుండా పట్టే మందు, అందులో ఉండేది మార్ఫిన్. మత్తుకి పిల్లలు పడుకునేవాళ్ళు, కొంతమంది లేచేవాళ్ళు కాదు. 1906లో ఆహారం, మందుల చట్టం వచ్చాక గానీ అలాంటివి లేబుల్ మీద రాయాల్సిన పని పడలేదు. అదే పొరలో చిటికెన వేలంత తెల్ల పింగాణీ బొమ్మ కూడా దొరికింది. ఆ రెండూ నేను అమ్మలేదు, అమ్మను.

మీ ఊరైతే గాజు ఫ్యాక్టరీలకి పేరున్న ఊరు. హోస్టెటర్స్ బిట్టర్స్ అని కడుపునొప్పి మందు పేరుతో విస్కీకి తీసిపోని ఘాటు సరుకు అక్కడే తయారయ్యేది, తేనెరంగు నలుపలకల సీసా, అది రావొచ్చు. కెచప్ కంపెనీ హైంజ్ వాళ్ళది కూడా, 1869లో పక్కనే షార్ప్స్‌బర్గ్‌లో హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప పచ్చడి రంగులేని గాజు సీసాల్లో పెట్టి మొదలెట్టారు, కల్తీ లేదని కంటికి కనపడాలని.

సీసా చేతికొస్తే అతుకు గీత చూడండి. అచ్చు గీత మూతి కిందే ఆగిపోతే మూతి చేత్తో చేసింది, మీ ఇంటి కాలానికి అదే సరిపోతుంది. మూతి మీదుగా పైదాకా పోతే మెషీన్ సీసా, 1903లో మైకేల్ ఓవెన్స్ మెషీన్ వచ్చిన తర్వాతది. అడుగున గరుకుగా గాజు విరిగిన మచ్చ ఉంటే పాంటిల్ అంటారు, అవి ఎక్కువగా 1860ల నాటి సివిల్ వార్‌కి ముందువి, మీ స్థలంలో ఇంకా పాత ఇల్లేదైనా ఉంటే తప్ప ఆశ పెట్టుకోకండి. మేసన్ జాడీ, అంటే తిండి నిల్వ చేసుకునే మరమూత గాజు జాడీ, దాని మీద 1858 అని ఉంటే ఎగిరి గంతెయ్యొద్దు, అది పేటెంట్ తేదీ, ఆ తేదీతోనే దశాబ్దాల పాటు జాడీలు పోశారు. ముదురు నీలం రంగు, ఒళ్ళంతా గీతలో బొడిపెలో ఉంటే విషం సీసా, చీకట్లో తడిమినా తెలియాలని అలా చేసేవాళ్ళు. డబ్బు మీద మరీ ఆశ పెట్టుకోకండి, ఎక్కువ సీసాలు కొద్ది డాలర్లకి మించవు, అక్షరాలు, రంగు, ఊరి పేరు కలిస్తేనే ధర.

మట్టిపొరలు_ఫిలడెల్ఫియా:

నేను ఆర్కియాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, కాబట్టి రెండో వైపు కూడా వినండి. సీసా కంటే అది ఏ పొరలో, దేని పక్కన ఉందన్నదే మాకు ముఖ్యం. సీసాలు ఏరుకుని మిగతాది మళ్ళీ గోతిలో తోసేస్తే ఆ ఇంటి కథ ఇక ఎవరూ చదవలేరు, ఒకసారి తవ్విన పొర మళ్ళీ పేరదు. ఫిలడెల్ఫియాలో అమెరికన్ రివల్యూషన్ మ్యూజియం కట్టే ముందు ఆ స్థలంలో ఇటుక గోడల ప్రివీలు తవ్వారు, 80 వేల పైచిలుకు వస్తువులు వచ్చాయి. ఒక గోతిలో దొరికిన ముక్కలు అతికిస్తే ట్రిఫీనా అనే ఓడకి శుభం పలుకుతూ బొమ్మ వేసిన పంచ్ గిన్నె అయింది. మిగతా గ్లాసులు, కూజాలు, పొగాకు గొట్టాలతో కలిపి చూస్తేనే అక్కడ సారాకొట్టు నడిచిందని తేలింది. గిన్నె ఒక్కటే ఎవరో పట్టుకుపోయుంటే అందమైన గిన్నె, అంతే.

ఇంకోటి. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్స్ అని బీదల పేట, 1991లో కోర్టు భవనం కట్టేటప్పుడు అక్కడి గుంటల్లో దాదాపు 8.5 లక్షల వస్తువులు దొరికాయి. వాటిని వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 6వ నంబరు భవనం బేస్‌మెంట్‌లో పెట్టారు, 2001 సెప్టెంబర్ 11న పోయాయి, అప్పటికి వేరేచోటికి అరువిచ్చిన 18 మాత్రం మిగిలాయి. అయినా ఆ పేట గురించి ఇవాళ మనకి తెలుసంటే నోట్సు, డ్రాయింగులు, ఫోటోలు రాసి పెట్టుకున్నారు కాబట్టే.

గింజలు కూడా వదలొద్దు. అడుగు పొర మట్టిని సన్న జల్లెడలో నీళ్ళు పోసి కడిగితే బెర్రీ గింజలు, చేప ముళ్ళు వస్తాయి, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద నులిపురుగుల గుడ్లు కూడా కనపడతాయి. వాళ్ళు ఏం తిన్నారో, ఏ బాధ పడ్డారో చెప్పేది అదే.

పాతసీసాలు_బాల్టిమోర్:

మీరు చెప్పిన గిన్నె విషయంలో ఒప్పుకుంటా. కానీ ఫెడరల్ డబ్బో పర్మిటో ఉన్న ప్రాజెక్టుకే చారిత్రక స్థలాల రక్షణకి వచ్చిన 1966 చట్టం కింద సర్వే చేస్తారు, మామూలు ఇంటి పెరట్లోకి ఏ ఆర్కియాలజిస్టూ రాడు కదా అండి. కాంప్లెక్స్ కట్టేవాడు పొక్లెయిన్ పెట్టి రెండు గంటల్లో మూడు గోతులు లేపి లారీల్లో పంపేస్తే గింజా మిగలదు, సీసా మిగలదు, నా కళ్ళతో చూశాను. మేం లేకపోతే అవి ఎప్పటికీ ఎవరికీ కనపడేవి కావు.

మట్టిపొరలు_ఫిలడెల్ఫియా:

అందుకే తవ్వొద్దనడం లేదు, రాసుకుంటూ తవ్వమంటున్నా. లలిత గారూ, ఒప్పుకుంటే ఇది షరతుగా పెట్టండి. లోతు కొలిచే టేపు గోడకి వేలాడదీసి, మట్టి రంగు మారిన ప్రతిచోటా ఫోటో, పొరకో బకెట్టు, బకెట్టు మీద నంబరు, పగిలిన ముక్కలు కూడా అందులోనే. మీ ఊరి హిస్టారికల్ సొసైటీకి ముందే మెయిల్ పెట్టండి. ఎవరైనా వచ్చి చూస్తామంటే ఇంకా మంచిది.

కోరంగి_కుర్రాడు:

ఇది చదువుతుంటే మా కాకినాడలో బ్రిటిష్ కాలం నాటి బంగళా కాంపౌండ్లు గుర్తొస్తున్నాయి, అక్కడా ఇలా తవ్వొచ్చా అన్నా? గోలీసోడా సీసాలు దొరుకుతాయేమో.

పాతసీసాలు_బాల్టిమోర్:

తమ్ముడూ, ఇండియాలో ఆ పని పెట్టుకోకు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్, అంటే నిధినిక్షేపాల చట్టం ఇంకా ఉంది, నేలలో దాగిన వస్తువు పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాలి. 1972 పురావస్తువుల చట్టం అది కాక ఇంకోటి. పైగా మన ఊళ్ళలో ఎక్కువ చోట్ల దొడ్లు ఇలా లోతు గోతులు కావు, రోజూ మనుషుల చేత ఎత్తించేవాళ్ళు, ఆ అన్యాయం అందరికీ తెలిసిందే, కాబట్టి ఇక్కడిలాగా పొరలు పేరుకునే అవకాశం తక్కువ. గోలీసోడా సీసా అయితే ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్నది, అక్కడి పిల్లలు గోలీ కోసం పగలగొట్టేసేవాళ్ళు, అందుకే నిండు సీసాలు తక్కువ. అమెరికాలో ఆ కాలంలో సోడాకి ఎక్కువగా హచిన్సన్ సీసా నడిచింది, 1879ది, లోపల రబ్బరు బిళ్ళ, పైకి తీగ రింగు.

లలిత_పిట్స్‌బర్గ్:

అందరికీ చాలా థాంక్స్ అండి. పెద్దాయనల్ని మళ్ళీ పిలిచి మాట్లాడాం, ఆనికలు, టార్పాలిన్లు, కాగితం అన్నిటికీ సరేనన్నారు, పొరకో బకెట్టు అంటే ఒకాయన కొంచెం మొహం ముడుచుకున్నారు కానీ రెండో ఆయన మేం ఎలాగూ నోట్‌బుక్ రాస్తాం అని చూపించారు. 811కి కాల్ చేశాం. అత్తయ్యగారికి ఆ పసిపిల్లల మందు సంగతి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పిల్లల్ని ఆ రోజు తీసుకుని గుడికెళ్తాను, మీరు కానివ్వండి అన్నారు. పగిలిన పళ్ళేల ముక్కలు మాత్రం అన్నీ ఇక్కడే ఉంచమని మా షరతు. సీసాలు కడగడం ఎలాగో చెప్తారా?

పాతసీసాలు_బాల్టిమోర్:

చాలా సంతోషం. తీసిన వెంటనే వేడినీళ్ళు పోయకండి, చల్లటి నేలలోంచి వచ్చిన గాజు చిట్లిపోతుంది. నీడలో ఒక పూట ఉంచి, మామూలు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమండి. స్టీలు పీచు వద్దు. గాజు మీద ఇంద్రధనుస్సు రంగుల పొర ఉంటే గోకొద్దు, అది గాజే పొరలు లేచింది. రంగులేని గాజు సీసాని కిటికీలో ఎండకి పెడితే కొన్నింటికి మెల్లగా ఊదారంగు వస్తుంది, అందులో కలిపిన మాంగనీస్ వల్ల, అది ఇష్టం లేకపోతే నీడలోనే ఉంచండి. బిరడా బిగిసి లోపల ద్రవం ఉన్న సీసా వస్తే తెరవొద్దు, వాసన చూడొద్దు, మెర్క్యురీ ఉండొచ్చు, ఆర్సెనిక్ ఉండొచ్చు, పిల్లలకి అందకుండా నిలువుగా పక్కన పెట్టి కౌంటీ హజార్డస్ వేస్ట్ వాళ్ళని అడగండి.