"తోపులాట జరిగింది" అంటే ఎవరు ఎవర్ని తోసినట్టు?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారమండి. ఒక్క మాట మీద చర్చ పెడుతున్నాను, దాని వెనకాల మా ఇంట్లో జరిగింది కూడా ఉంది, అందుకని కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది కోనసీమ. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు ఊరి మంచినీళ్ల చెరువులోకి దిగిపోతున్నాయని మా ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలు పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులొచ్చారు, లెగమన్నారు, వీళ్లు లెగలేదు, ఇంక రెక్కలట్టుకుని లాగి పక్కకి పడేశారు. మా పిన్నికి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. మర్నాడు పేపర్లో ఏం వచ్చిందంటే పోలీసులకు మహిళలకు మధ్య తోపులాట జరిగింది, ఒకరికి స్వల్ప గాయాలయ్యాయి అని. పిన్నికి చదివి వినిపిస్తే కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని "తోపులాటేంట్రా, నేనెవర్ని తోశాను?" అంది. అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదల్లేదండి.

చూడండి, కొట్లాట, పోట్లాట, గుద్దులాట, కుమ్ములాట, వీటన్నిట్లో ఇద్దరూ చేస్తేనే ఆ మాట. ఒకడు కొట్టి ఇంకొకడు దెబ్బలు తింటే దాన్ని కొట్లాట అనం, కొట్టాడు అంటాం. తోపులాట కూడా ఆ వరసలోదే, త్రోయు నుంచి తోయు, దాన్నుంచి తోపు, ఆపైన ఆట. అంటే ఆ మాట రాసినవాడు మా పిన్ని కూడా తోసిందని సాక్ష్యం చెప్పినట్టే కదండీ, చూడకుండా.

రెండోది ఆ "జరిగింది". మన భాషలో జరుగు, జరుపు అని జంట క్రియలున్నాయి, నలుగు నలుపు, విరుగు విరుచు కూడా అలాంటివే. చెయ్యి విరిగింది అంటే దానంతటదే విరిగినట్టుంటుంది, చెయ్యి విరిచారు అంటే విరిచినోళ్లెవరని అడగాలి. కాల్పులు జరిగాయి, కాల్పులు జరిపారు. ఒక్క గు తీసి పు పెడితే కర్త బయటికొస్తాడు. మా వాడపల్లి తీర్థంలో 1931లో రథం మీద గాంధీగారి పటం పెట్టారని పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు, జరిగాయి కాదు, జరిపారు.

కామెంటు (భీమవరం వైపు మాస్టారు ఒకరు): వెతుకులాట, పెనుగులాట సంగతేంటి బాబూ? వెతుకులాటలో రెండో మనిషి లేడుగా. ప్రతి లాటకీ ఇద్దరుండాలని రూలు పెట్టకు.

జవాబు: నిజమే మాస్టారూ, నేను తొందరపడ్డాను, రూలులా చెప్పకూడదు. కానీ కొట్టు, గుద్దు, కుమ్ము, తోయు, ఇవి ఎదుటిమనిషి ఒంటి మీద చేసే పనులు, వీటికి లాట చేరితే వినేవాడికి ఇద్దరూ చేశారనే అర్థమవుతుంది. పెనుగులాట గురించి మీరన్నది మాత్రం నాకు పనికొచ్చిందండి, పట్టుకున్నప్పుడు విడిపించుకోడానికి చేసేది పెనుగులాటే, ఆ రోజు మా ఆడవాళ్లు చేసింది అదే, తోపులాట కాదు.

కామెంటు (ఒకప్పుడు మండల కంట్రిబ్యూటర్‌గా చేసినాయన): నేనూ చాలాసార్లు రాశాను ఆ మాట. సాయంత్రం వార్త పంపేలోపు ఎవరు ముందు తోశారో తేల్చడానికి టైముండదు, పైగా పోలీసులు తోశారు అని రాస్తే రేపట్నుంచి స్టేషన్లో మనకి వార్తలివ్వరు. తోపులాట అంటే ఎవరూ ఏమీ అనరు. ఈ పోస్టు చదివాక బాధగా ఉంది.

జవాబు: అన్నయ్యా, మీరు ఒప్పుకుని చెప్పడమే పెద్ద విషయం. కానీ పాత పేపర్లు ముందేసుకుని ఒకటి గమనించండి, జనం చేస్తే "ఆందోళనకారులు రాళ్లు రువ్వారు" అని కర్త, కర్మ, క్రియ మూడూ ఉంటాయి. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన గొడవ గురించి అలాగే రాశారు, రాయాలి కూడా, ఇళ్లు తగలబెట్టారు, పోలీసులకీ దెబ్బలు తగిలాయి, చేసింది చేసినట్టు చెప్పాల్సిందే. అదే పోలీసుల దగ్గరికొచ్చేసరికి వాక్యంలో మనిషి మాయమైపోయి "స్వల్ప లాఠీఛార్జి జరిగింది", "పరిస్థితి అదుపులోకి వచ్చింది" అని మిగుల్తుంది. ఇద్దరికీ ఒకటే వ్యాకరణం పెట్టమంటున్నాను నేను, అంతకు మించి ఏం అడగట్లేదు.

ఇంకా ఆ "స్వల్ప గాయాలు" అన్న మాట చూడండి. ఎముక విరిగితే చట్టంలో అది తీవ్రమైన గాయం, భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్లో స్పష్టంగా ఉంది, పాత ఐపీసీ 320లోనూ ఉండేది. పేపర్లో స్వల్పం, చట్టంలో తీవ్రం. ఆసుపత్రిలో అయితే రిజిస్టర్లో "జారిపడి" అని రాశారు, పిన్ని అలా చెప్పలేదు. రేపు ఎవరైనా విచారణకొస్తే వాళ్లు చూసేది ఆ ఒక్క మాటే.

కామెంటు (ఇంకో సభ్యురాలు, తుందుర్రు దగ్గర పుట్టిల్లు): మా వైపు 2016లో ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్నప్పుడు 144 అన్న అంకె, అదే జనం గుమిగూడకూడదనే నిషేధాజ్ఞల సెక్షను, చిన్నపిల్లలక్కూడా వచ్చేసిందండి. ఇప్పుడది కొత్త చట్టంలో 163 అయినా మావాళ్లు "నూటనలభైనాలుగు పెట్టారు" అనే అంటారు. ఎవరు పెట్టారు అంటే చెప్పలేరు.

కామెంటు: మా నాన్నగారు కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఆయన ఎప్పుడూ అనేవారు, ఆర్డరిచ్చినాయన జీపులో ఉంటాడు, ఊరోళ్ల తిట్లు మాకుంటాయి అని. పోలీసుల్ని అనేటప్పుడు అది కూడా గుర్తుపెట్టుకోండి.

జవాబు: మీ నాన్నగారి మాటే చట్టం కూడా చెప్తోందండి. గుంపుని చెదరగొట్టాలంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో స్టేషన్ ఆఫీసరో, ఆయన లేకపోతే ఎస్సైకి తగ్గని అధికారో ముందు వెళ్లిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి, వినకపోతేనే బలం వాడాలి, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 148వ సెక్షన్, ఇదివరకు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 129. అంటే చట్టం రాసినవాళ్లు వాక్యంలో కర్తని పెట్టే రాశారు. ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఏ మాటల్లో ఇచ్చారు, లెగడానికి ఎంతసేపు టైమిచ్చారు, ఇవి తేలితే కానిస్టేబుల్ మీద పడే నింద కూడా తగ్గుతుంది. మేము అడిగేది ఇదే. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాకీ పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ ఉండాలంది. 2016లో అనితా ఠాకూర్ కేసులో అయితే ఊరేగింపులో వెళ్తున్నవాళ్ల మీద అవసరానికి మించి బలం వాడారని చెప్పి నష్టపరిహారం ఇప్పించింది, అందులో జనం వైపు నుంచి కూడా రాళ్లు పడ్డాయని చూసి మరీ.

ఇప్పుడు అసలు నాకు కావాల్సిన సాయం. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇస్తున్నాం, ఎస్పీగారికి పోస్టులో పంపుతున్నాం. నేను "తోశారు" అని రాశాను, మా తమ్ముడు "నెట్టివేశారు" అంటాడు, పిన్ని రెండూ కాదంది, తోస్తే ముందుకు పడతాం నన్ను వెనక్కి లాగారు, "ఈడ్చి పడేశారు" అని రాయమంది, అదే రాశాను. లాయరుగారి గుమస్తా మాత్రం "గుర్తు తెలియని పోలీసు" అని ఒక చోట చేర్చారు, నేమ్‌ప్లేటు లేదు కాబట్టి. పిన్ని ఒప్పుకోవట్లేదు. "పేరు తెలీదు గానీ మొహం ఎక్కడ చూసినా గుర్తుపడతాను, గుర్తు తెలియని అని ఎలా రాస్తావు" అంటోంది. "పేరు తెలియని" అంటే సరిపోతుందా, "పేరు కనపడకుండా ఉన్న" అనాలా? ఆదివారం సాయంత్రంలోపు చెప్పండి ప్లీజ్.