కండ శాంపిల్ దేశం దాటింది, రిపోర్టు తిరిగి రాలేదు: మళ్లీ ఇవ్వాలా?

తూరుపుగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

మా అన్నయ్యకి డిస్ఫెర్లిన్ లోపం, కండరాలు క్రమంగా బలం కోల్పోయే అరుదైన జన్యు జబ్బు. ఇరవయ్యో ఏట మునివేళ్ల మీద నిలబడలేకపోవడంతో మొదలైంది. ఇప్పుడు 38, బయటికి వెళ్లాలంటే వీల్‌చైరే. ఆరేళ్ల క్రితం ఒక విదేశీ పరిశోధనకి రక్తం, తొడ నుంచి కండ ముక్క ఇచ్చాం. కన్సెంట్ ఫారం పదకొండు పేజీలు. అందులో "మీకు ఉపయోగపడే విషయం ఏదైనా బయటపడితే తెలియజేస్తాం" అని ఒక వాక్యం ఉంటే, దాని కింద అన్నయ్య పెన్నుతో గీత గీశాడు. తర్వాత మూడు మెయిళ్లు పెట్టాం. మొదటిదానికి "టీమ్ మారింది, చూసి చెబుతాం" అన్నారు. మిగతా రెండింటికి ఆ మాట కూడా లేదు. ఆ సంస్థ పేరు రాయను, ఇక్కడ విషయం అది కాదు.

ఇప్పుడు ఇంకో అంతర్జాతీయ స్టడీ వాళ్లు అడుగుతున్నారు. మందు ఇచ్చే ట్రయల్ కాదు, జబ్బు ఎలా ముదురుతుందో మూడేళ్లపాటు చూస్తారట. రక్తం, ఎంఆర్‌ఐ, ఆరు నెలలకోసారి కండరాల బలం పరీక్ష. అన్నయ్య సరే అంటున్నాడు. నేను వద్దంటున్నాను. తిరిగి ఏమిస్తారో ముందే రాసివ్వని వాళ్లకి శాంపిళ్లు, డేటా ఇవ్వడం సబబేనా?

నల్లబల్ల

సబబు కాదు. ఒకసారి చెయ్యి కాలింది, రెండోసారి పెట్టమని ఎవరు చెప్పినా వినకండి.

"సహకారం" అనే మాట వినడానికి బాగుంటుంది. మగపిల్లల్లో ఎక్కువగా వచ్చే డుషేన్ అనే కండరాల జబ్బుకి జన్యుచికిత్స మందు 2023లో అమెరికాలో వచ్చింది, ధర 32 లక్షల డాలర్లు. ఆ జబ్బు గురించి డాక్టర్లకి తెలిసిందంతా ఎక్కడెక్కడి పిల్లలో నేల మీంచి లేచి చూపిస్తే తెలిసినదే. వాళ్లలో ఎంతమందికి ఆ మందు అందుతుంది? మనుషుల మీద పరిశోధనలకి డాక్టర్ల ప్రపంచ సంఘం పెట్టుకున్న నైతిక నియమాలు, హెల్సింకి ప్రకటనలో ఉంది, మేలు చేస్తుందని తేలిన మందు ట్రయల్ అయ్యాక కూడా పాల్గొన్నవారికి అందే ఏర్పాటు ముందే చూడాలని. కాగితం మీద ఉంది.

జన్యులిపి

నల్లబల్ల గారూ, ఆ నియమం మందు ట్రయళ్ల గురించి. తూరుపుగాలి గారిని అడిగింది వేరే రకం స్టడీ. రెండూ ఒకే గాటన కడితే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది.

నేను జన్యు పరీక్షల రిపోర్టులు రాసే పనిలో ఉన్నాను. దేశాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఏమవుతుందో చెబుతాను. జపాన్‌లో నొనాకా బృందం 1981లో ఒక కండరాల జబ్బుని వర్ణించింది. పాదం పైకి ఎత్తే కండరం ముందు పోతుంది, తొడ ముందు కండరం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. 1984లో ఇజ్రాయెల్‌లో, ఇరాన్ నుంచి వచ్చిన యూదు కుటుంబాల్లో అచ్చం ఇలాంటిదే చూసి ఇంకో పేరు పెట్టారు. 2001లో జెరూసలేం బృందం జీఎన్ఈ అనే జన్యువుని పట్టుకుంది. ఆ మరుసటి ఏడాదికి గానీ రెండూ ఒకటే జబ్బని తేలలేదు. ఒక్క జబ్బుకి దాదాపు ఇరవై ఏళ్లు రెండు పేర్లు, రెండు లెక్కలు, ఎవరి రోగులు వాళ్ల దగ్గరే.

మీ అన్నయ్య జబ్బు కథ కూడా ఇంతే. పిక్కల దగ్గర మొదలైతే మియోషి అన్నారు, తొడలూ నడుమూ ముందు పోతే లింబ్ గర్డిల్ అన్నారు. 1998లో రెండింటి వెనకా డిస్ఫెర్లిన్ జన్యువే ఉందని తెలిసింది. ఒకే ఇంట్లో, ఒకే జన్యు మార్పు ఉన్న తోబుట్టువుల్లో ఒకరికి పిక్కలు, ఒకరికి తొడలు పోయిన సందర్భాలున్నాయి. ఎందుకో తేల్చాలంటే ఏ ఒక్క దేశంలోని రోగులూ సరిపోరు.

నల్లబల్ల

జీఎన్ఈ కథ మధ్యలో ఆపేశారు, మిగతాది నేను చెబుతాను. ఆ జబ్బుకి సియాలిక్ ఆమ్లం మాత్ర పనిచేస్తుందని ఆశపెట్టి, పలు దేశాల రోగులతో ట్రయల్ నడిపారు. 2017లో మూడో దశ ఫలితం వచ్చింది: పనిచేయలేదు. కంపెనీ ఆపేసింది. అంత తిరిగిన రోగులకి ఏం మిగిలింది?

జన్యులిపి

జవాబు మిగిలింది. చిన్న విషయమా అది? అదే పదార్థం మీద జపాన్‌లో విడిగా ట్రయళ్లు చేసి 2024లో అనుమతి ఇచ్చారు. ఒకే మందుకి రెండు తీర్పులు. ఎవరిది ఒప్పో నేను చెప్పలేను గానీ, ఇద్దరూ మొదటి నుంచీ ఒకే కొలతతో కొలిచి ఉంటే ఈ అయోమయం ఇంత ఉండేది కాదు.

దారినపోయే

ఇచ్చింది లెక్క చూసుకుంటే అది దానం ఎలా అవుతుందండీ? ఇచ్చి మర్చిపోవడమే మంచిది.

చిన్నికృష్ణ అమ్మ

దయచేసి దానం అనకండి. దానం ఇచ్చేవాడి దగ్గర ఎక్కువ ఉండాలి. మా దగ్గర ఉన్నదే తక్కువ.

కొలతబద్ద

"కొలత" అనే మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. కండరాల జబ్బుల క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుని.

డుషేన్ పిల్లలకి నార్త్ స్టార్ అనే పరీక్ష ఉంది. 17 పనులు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 34. అందులో ఒకటి నేల మీంచి లేవడం. మామూలుగా లేస్తే 2. బోర్లా తిరిగి, చేతులతో మోకాళ్లనీ తొడలనీ పట్టుకుని తన ఒంటినే తను ఎక్కుతున్నట్టు లేస్తే 1. కుర్చీ కావాల్సి వస్తే, లేదా అసలు లేవలేకపోతే 0. చదవడానికి ఇంతే. ఒక ట్రైనింగ్‌లో మాకు ఒక బాబు వీడియో చూపించారు. వాడు లేస్తూ లేస్తూ ఎడమ చెయ్యి మోకాలి మీద అర క్షణం ఆనించి తీసేశాడు. గదిలో సగం మంది 2 వేశాం, సగం మంది 1. నేను 2 వేసిన గుంపులో ఉన్నాను, తప్పు. ఆ ఒక్క మార్కు దగ్గర దేశానికొకలా వేస్తే, మందు వల్ల వచ్చిన మార్పేదో మేం మార్కులు వేసే తీరు వల్ల వచ్చిన మార్పేదో ఎవరికీ అంతుబట్టదు.

మీ అన్నయ్య జబ్బుకి మొదట్లో ఇలాంటి స్కేలే లేదు, పిల్లల స్కేలుతోనే నెట్టుకొచ్చేవాళ్లం. 2012లో మొదలైన ఒక డిస్ఫెర్లిన్ స్టడీలో ఎనిమిది దేశాల నుంచి దాదాపు 200 మంది చేరారు. జైన్ ఫౌండేషన్ అనే సంస్థ దానికి డబ్బు పెట్టింది. ఆ మనుషుల మీద కొలిచి కొలిచి తయారైనదే ఇప్పుడున్న 29 పనుల, 54 మార్కుల స్కేలు. వాళ్లెవరికీ మందు దొరకలేదు, నిజమే. కానీ రేపు మందు వస్తే, అది పనిచేసిందో లేదో చెప్పే తక్కెడ వాళ్లు ఇచ్చి వెళ్లారు.

అది లేకుండా ముందుకెళితే ఏమవుతుందో కూడా చూశాం. 2016లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఎటెప్లిర్సెన్ అనే డుషేన్ మందుకి అనుమతిచ్చినప్పుడు దాని వెనక ఉన్న ప్రధాన స్టడీలో 12 మందే పిల్లలు. 2018లో యూరప్‌లో అదే పని చేసే సంస్థ ఆ మందుకి కుదరదంది. ఆ గొడవ ఇంకా చల్లారలేదు.

చిన్నికృష్ణ అమ్మ

నా సంగతి చెబుతాను. మావాడికి 14. పదకొండో ఏట నడక ఆగింది. చిన్నప్పుడు వాడికి పది రోజులు స్టెరాయిడ్ వేసి పది రోజులు ఆపమన్నారు. ఇంకో డాక్టరు రోజూ వేయాలన్నారు. ఎవరిని నమ్మాలో తెలీక ఏడాదంతా టెన్షన్. డుషేన్‌లో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ పనికొస్తుందని 1989లోనే ట్రయల్‌లో తేలింది. కానీ రోజూ మంచిదా, పదేసి రోజులు మంచిదా అన్నది ఐదు దేశాల్లో 196 మంది పిల్లల్ని పోల్చి చూసి 2022లో చెప్పారు. రోజూ వేసుకున్న పిల్లలే మెరుగ్గా ఉన్నారు. ఈ రెండిటి మధ్య 33 ఏళ్లు! ఏ ఒక్క ఆసుపత్రీ చేయగలిగేది కాదని నాకూ తెలుసు. ఆ 196 మంది అమ్మల్లో ఒక్కరిని కలిసినా చేతులు పట్టుకుంటాను. మావాడికి మాత్రం ఆ జవాబు ఆలస్యంగా అందింది.

అయితే నల్లబల్ల గారి కోపం నాకు అర్థమవుతుంది. మావాడి వివరాలు రిజిస్ట్రీలో, అంటే ఈ జబ్బున్నవాళ్ల జాబితాలో ఉన్నాయి. ఏ ట్రయల్ పిలుపు వచ్చినా మొదటి షరతు "నడవగలగాలి". నడక ఆగిన రోజు నుంచీ మావాడు ఎవరి లెక్కలోకీ రావడం లేదు. 2025లో ఆ జన్యుచికిత్స తీసుకున్న, నడక ఆగిన అబ్బాయిలు ఇద్దరు కాలేయం దెబ్బతిని చనిపోయారు. అప్పుడు నడవలేని పిల్లలకి మందు ఆపారు. వీళ్ల శరీరాలు వేరుగా స్పందిస్తాయేమో ముందే చూడాల్సింది ఎవరు? అందుకే నా మాట: డేటా ఇవ్వండి, కానీ మీ అన్నయ్య నడక పూర్తిగా ఆగిపోయాక కూడా స్టడీలో ఉంచుతారా అని అడగండి. చేతులు, ఊపిరి, గుండె కొలుస్తారా అని అడగండి.

నల్లబల్ల

అమ్మా, మీ మాటకి ఎదురు చెప్పను. స్టెరాయిడ్ సంగతి ఒప్పుకుంటున్నాను. మందు ఆశ చూపించి తీసుకోవడం వేరు, వాడుకలో ఉన్న మందు ఎలా వాడాలో తేల్చడం వేరు. రెండోదానికి నా అభ్యంతరం లేదు.

ఒక్క విషయం మాత్రం వదలను. "పేరు తీసేస్తాం, భయం లేదు" అంటారు. షుగరు జబ్బుకైతే సరే. డిస్ఫెర్లిన్‌లో ఫలానా అరుదైన మార్పు, మగ, 38, ఫలానా దేశం అని రాస్తే అది పేరు రాసినట్టే. యూరప్ డేటా చట్టం కూడా పేరు బదులు కోడ్ నంబరు పెట్టిన సమాచారాన్ని సాధారణంగా వ్యక్తిగత సమాచారంగానే చూస్తుంది. రేపు బీమా వాళ్ల చేతిలోనో ఉద్యోగమిచ్చేవాడి చేతిలోనో పడితే?

జన్యులిపి

ఆ భయం ఉత్తది కాదు. డుషేన్‌లో 2015 నాటికే నరాలు, కండరాల జబ్బుల మీద పనిచేసే ట్రీట్-ఎన్ఎండీ అనే అంతర్జాతీయ బృందం ప్రపంచ డేటాబేస్‌లో 7,000కు పైగా జన్యు మార్పులు చేరాయి, కాబట్టి అక్కడ ఒక మనిషి గుంపులో కలిసిపోయే వీలు కొంతైనా ఉంది. కొద్దిమందికే వచ్చే జబ్బుల్లో గుంపే ఉండదు. కానీ అదే కారణంతో దాచుకుంటే నా టేబుల్ మీద రిపోర్టు "అర్థం తేలని మార్పు" అని ముగుస్తుంది. వారానికి ఎన్నిసార్లు ఆ మాట రాస్తానో! ఎక్కడో ఇంకొక్క కుటుంబంలో అదే మార్పు, అదే జబ్బుతో కనిపించిందని తెలిస్తే ఆ రిపోర్టు మారడానికి దారి దొరుకుతుంది. దాచమనను, ఎవరికి చూపిస్తారో అడగమంటాను.

తూరుపుగాలి

పది రోజుల తర్వాత వస్తున్నాను. మీరు చెప్పినవన్నీ కలిపి స్టడీ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టాను, జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. జన్యు రిపోర్టు మారితే అన్నయ్యని చూసే డాక్టరుకి రాతపూర్వకంగా చెబుతారు. నడక ఆగినా స్టడీలో ఉంచుతారు, చేతుల బలం, ఊపిరి కొలుస్తారు. డేటా కావాలని కంపెనీలు అడిగితే ఒక కమిటీ చూస్తుంది, అందులో రోగుల తరఫున ఇద్దరు. మధ్యలో తప్పుకుంటే మిగిలిన రక్తం పారేస్తారు, అప్పటికే వాడిన లెక్కలు మాత్రం వెనక్కి తీయలేరు. "నిధులు ఆగిపోతే శాంపిళ్లు ఎవరి చేతికి వెళ్తాయి?" అన్నదానికి మాత్రం "చర్చలో ఉంది" అన్నారు. పోయినసారి టీమ్ మారాక మా కొంప ముంచింది సరిగ్గా ఇదే కాబట్టి నాకింకా నచ్చలేదు.

అన్నయ్య ఆ ఒక్క వాక్యం ఫారంలో చేర్చాకే సంతకం అని రాసి పంపాడు. బలం పరీక్షలకి మాత్రం పేరు ఇచ్చేశాడు. "స్కేలు తయారవడానికి ఇన్నాళ్లు పట్టిందంటే, నా మార్కులు కూడా చూసుకోనీ" అన్నాడు.

నల్లబల్ల

చేర్చకపోతే?

తూరుపుగాలి

రక్తం ఇవ్వడు. మార్కులు ఇస్తాడు.

కొలతబద్ద

మంచి పని. రక్తం ఇచ్చే రోజు వస్తే, ముందు రెండు మూడు రోజులు బరువులు ఎత్తడం, అలవాటు లేని కసరత్తు చేయడం వద్దని చెప్పండి, సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) అంకె ఊరికే ఎగిరిపోతుంది. బలం పరీక్షకి ప్రతిసారీ వీలైతే ఒకే వేళకి, అవే బూట్లతో వెళ్లమనండి.