మ్యాచ్ తర్వాత సీకే, ఎస్‌జీఓటీ పెరిగాయి: లివరా, కండరమా?

టీమ్‌ట్రైనర్

మా ఫుట్‌బాల్ జట్టుకు సీజన్ మధ్యలో రొటీన్ రక్తపరీక్షలు చేయించాం. శనివారం సాయంత్రం మ్యాచ్, సోమవారం ఉదయం శాంపిల్. 22 ఏళ్ల మిడ్‌ఫీల్డర్ రిపోర్టు ఇలా వచ్చింది: సీకే (కండరాల ఎంజైమ్, క్రియాటిన్ కైనేజ్) 1180, ఎస్‌జీఓటీ 92, ఎస్‌జీపీటీ 58 (ఈ రెండూ మామూలుగా లివర్ కోసం చూసే ఎంజైములు), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు కోసం చూసేది) 1.3, హీమోగ్లోబిన్ 13.1 (సీజన్‌కు ముందు 14.2), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) 64. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. కుర్రాడికి తొడల్లో కాస్త నొప్పి తప్ప వేరే ఇబ్బంది లేదు, తాగుడు అలవాటూ లేదు. లివర్ దెబ్బతిందేమో, రెండు వారాలు ఆడించొద్దని ఒకరన్నారు. ఆటగాళ్లకు ఇవన్నీ మామూలే, వదిలేయమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి? మళ్లీ ఎప్పుడు తీయించాలి?

బయోకెమిస్ట్రీ బల్ల

ఇద్దరిదీ తొందరపాటే. ఈ రిపోర్టులో అసలు చూడాల్సిన జీజీటీ లేదు. అది లివర్‌కు సంబంధించిన ఎంజైమ్, కండరం దెబ్బతింటే పెరగదు.

ఎస్‌జీఓటీ అనగానే లివర్ గుర్తొస్తుంది గానీ, ఆ ఎంజైమ్ కండరంలోనూ దండిగా ఉంటుంది. ఎస్‌జీపీటీ కండరంలో తక్కువే, అయినా లేకపోలేదు. జోరుగా పరిగెడుతూ ఠక్కున ఆగడం, పక్కకు తిరగడం, ఎగిరి దిగడం: వీటిలో కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. కండరపోగులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. అంతే సేపు సైకిల్ తొక్కినవాడికి సీకే ఇంతగా పెరగకపోవడానికి కారణం ఇదే.

ఇక టైమింగ్. మ్యాచ్ అయిన కొన్ని గంటలకు సీకే ఎక్కడం మొదలై, 24 నుంచి 48 గంటల మధ్య కొసకు చేరుతుంది. దిగడానికి మూడు నుంచి ఐదు రోజులు, ఒక్కోసారి వారం. మీరు శాంపిల్ తీసింది సుమారు 36 గంటలకు, అంటే సరిగ్గా కొసన ఉన్నప్పుడు. ల్యాబ్ కాగితం మీద ఉండే 200 దగ్గరి హద్దు ఆటలాడని జనానికి వేసింది. రోజూ ప్రాక్టీసు చేసే మగ ఫుట్‌బాలర్లలో 1500 దాకా కనిపించడం వింతేమీ కాదు.

చాలామంది పొరపడేది ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ నిష్పత్తి దగ్గర. రక్తంలో ఎస్‌జీఓటీ సగానికి తగ్గడానికి 17 గంటలు చాలు, ఎస్‌జీపీటీకి దాదాపు 47 గంటలు కావాలి. మ్యాచ్ మర్నాడు ఎస్‌జీఓటీ పైన ఉంటుంది. అదే ఆటగాడికి నాలుగైదు రోజులు ఆగి తీస్తే ఎస్‌జీఓటీ దిగిపోయి, ఎస్‌జీపీటీ ఒక్కటే మిగిలి, అచ్చం లివర్ జబ్బులా కనిపిస్తుంది. కాబట్టి నిష్పత్తిని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. సీకే ఎక్కువగా ఉండి, జీజీటీతో పాటు మిగతా లివర్ పరీక్షలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, డైరెక్ట్ బిలిరుబిన్ మామూలుగా ఉంటే అది కండరం కథే. జీజీటీ కూడా పెరిగినా, సీకే పూర్తిగా దిగాక ఎస్‌జీపీటీ ఎక్కువగానే నిలిచినా అప్పుడు లివర్ వైపు వెళ్లాలి: హెపటైటిస్ బి, సి పరీక్షలు, అల్ట్రాసౌండ్, వాడుతున్న సప్లిమెంట్ల డబ్బాలన్నీ బల్ల మీద పెట్టించడం.

క్రియాటినిన్ 1.3 కూడా కండలున్న మనిషిలో, అదీ మ్యాచ్ తర్వాత, కిడ్నీ జబ్బని అర్థం కాదు. క్రియాటిన్ పొడి వాడుతున్నాడేమో అడగండి. ఇంకా అనుమానముంటే కిడ్నీ పనితీరు చూపే ఇంకో రక్తపరీక్ష, సిస్టాటిన్ సీ, చేయించండి, దాని మీద కండరం ప్రభావం చాలా తక్కువ.

స్పోర్ట్స్ డాక్టర్

పై వివరణతో ఏకీభవిస్తాను. హీమోగ్లోబిన్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది చెబుతా.

ఆట నడుస్తున్నంతసేపు చెమట వల్ల, కండరాల్లోకి నీరు లాగడం వల్ల ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) తగ్గి రక్తం చిక్కబడుతుంది. తర్వాతి ఒకటి రెండు రోజుల్లో శరీరం నీరు, ఉప్పు పట్టి ఉంచి ప్లాస్మాను మునుపటికంటే పెంచుతుంది. ఎర్రకణాలు అన్నే, నీళ్లు ఎక్కువ. దాంతో హీమోగ్లోబిన్ అర గ్రాము నుంచి గ్రాము దాకా తగ్గినట్టు కనిపిస్తుంది. సీజన్ మధ్యలో 14.2 నుంచి 13.1 రావడం చాలావరకు ఇదే కావచ్చు. ఎర్రకణాల సైజు, వాటిలోని హీమోగ్లోబిన్ చెప్పే ఎంసీవీ, ఎంసీహెచ్, ఆర్‌డీడబ్ల్యూ మారకుండా ఉంటే ఆ మాటకు బలం.

"కావచ్చు" అన్నది ఫెరిటిన్ వల్ల. 64 చూసి ఐరన్ బాగుందనుకోకండి. గట్టి మ్యాచ్ తర్వాత వాపుతో పాటు ఫెరిటిన్ కూడా పైకి లేస్తుంది, అసలు నిల్వ అంతకంటే తక్కువ ఉండొచ్చు. తర్వాతిసారి సీఆర్‌పీతో (ఒంట్లో వాపును చూపే పరీక్ష) కలిపి తీయించండి. సీఆర్‌పీ మామూలుగా ఉన్నప్పుడు ఫెరిటిన్ 30 కిందికి వస్తే లోటు ఉన్నట్టే. మహిళా జట్టయితే ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి.

తెల్లకణాలు మామూలుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. మ్యాచ్ తర్వాత కొన్ని గంటలు న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) పెరుగుతాయి, 24 గంటలకల్లా దిగిపోతాయి. మ్యాచ్ రాత్రే తీసుంటే ఇన్ఫెక్షన్ అని కంగారు పడేవారు.

శాంపిల్ కలెక్షన్

మళ్లీ తీసేటప్పుడు ఇవి పాటించండి, లేకపోతే కొత్త తప్పులు చేరతాయి. ముందు రెండు రోజులు బరువులెత్తే జిమ్, కిందికి దిగే పరుగులు, గట్టి మసాజ్ వద్దు. కండరంలోకి ఇంజెక్షన్ వేసినా సీకే పెరుగుతుంది. పొద్దున్నే, ప్రతిసారీ అదే వేళకు. పది నిమిషాలు కూర్చోబెట్టి తీయండి. నిలబడి ఉన్నవాడి రక్తం చిక్కగా ఉంటుంది. చేతికి కట్టే పట్టీ (టూర్నికే) నిమిషం దాటకూడదు, పిడికిలి బిగించి వదలమనకూడదు, పొటాషియం అబద్ధంగా పెరుగుతుంది.

మైదానంలోనే తీస్తే ఇంకో తిప్పలు: సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుపు ద్రవం) వేరు చేయకముందే ట్యూబును ఐస్‌లో పెట్టి పంపుతారు. చలికి కణాల్లోంచి పొటాషియం బయటికొస్తుంది. రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేయించండి. సీరం గులాబీ రంగుకు తిరిగితే ఎర్రకణాలు పగిలాయని అర్థం, అప్పుడు ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఇంకో ఎంజైమ్), ఎస్‌జీఓటీ, పొటాషియం మూడూ నమ్మొద్దు. రిక్వెస్ట్ ఫారం మీద చివరి మ్యాచ్ తేదీ, గంట రాయండి. ఎవరూ రాయరు, తర్వాత అందరూ తలలు పట్టుకుంటారు.

టీమ్‌ట్రైనర్

చాలా థాంక్స్ అండి. చిక్కేమిటంటే మాకు వారానికి రెండు మ్యాచ్‌లు. సీకే పూర్తిగా దిగడానికి కావలసిన వారం విశ్రాంతి దొరకదు. అప్పుడేం చేయాలి? అతన్ని ఆపాలా?

బయోకెమిస్ట్రీ బల్ల

జీజీటీ, బిలిరుబిన్ కోసం విశ్రాంతి అక్కర్లేదు. పాత సీరం ల్యాబ్‌లో చల్లగా దాచి ఉంటే దానిమీదే అదనంగా చేయమని ఈరోజే అడగండి. అవి మామూలుగా ఉండి, కుర్రాడు హుషారుగా ఉంటే కేవలం ఈ అంకెల కోసం ఆపక్కర్లేదు. సీకే, ఎస్‌జీపీటీ మాత్రం సీజన్ విరామంలో ఏడు రోజులు ఖాళీగా ఉన్నాక తీసి అతని సొంత బేస్‌లైన్ (విశ్రాంతిలో ఉండే మామూలు స్థాయి) రాసి పెట్టుకోండి. అంత విశ్రాంతి తర్వాత కూడా సీకే దిగకపోతే థైరాయిడ్, వాడే మందులు, కండరాల జబ్బు చూడాలి.

స్పోర్ట్స్ డాక్టర్

ఒక్క మినహాయింపు. మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరిగినా, కాళ్లు పట్టు తప్పినా, ఆడినదానికి మించిన నొప్పి ఉన్నా బేస్‌లైన్ కోసం ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి పంపి సీకే, క్రియాటినిన్, పొటాషియం, మూత్రం చూపించండి. మూత్రంలో ముంచే డిప్‌స్టిక్‌లో రక్తం ఉందని వచ్చి, మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలు కనిపించకపోతే అది దెబ్బతిన్న కండరం నుంచి వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కావచ్చు. సీకే 5000 దాటితే కిడ్నీకి ముప్పు ఎక్కువ. ఆస్పత్రిలో చూసేదాకా నొప్పికి ఐబుప్రోఫెన్ ఇవ్వకండి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అదే కిడ్నీని ఇంకా కుంగదీస్తుంది.