సెరెంగెటీలో మొదటి రోజు: గైడ్‌తో ఈ మాట అనొచ్చా?

తొలిప్రయాణం:
నిన్న సాయంత్రం నాబీ హిల్ గేటు దాటి టాంజానియాలోని సెరెంగెటీ పార్కులోకి వచ్చాం. సెరొనెరా దగ్గర క్యాంపులో ఉన్నాను. మొదటి పూర్తి రోజు ఇవాళే.

పొద్దున్నుంచి గైడ్లు మాట్లాడుకునే రేడియోలో ఏ జంతువు పేరు వినబడితే అటు పరుగు. స్వాహిలీలో సింబా అంటే సింహం, చుయి అంటే చిరుతపులి అని మధ్యాహ్నానికి నాకే తెలిసిపోతోంది. చుయి అనగానే వెళ్ళాం. అప్పటికే పదిహేను బండ్లు. కొమ్మ మీంచి వేలాడే తోక, ఒక వెనకకాలు కనిపించాయి. సంతోషం వేసింది, కాదనను. కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే గుర్తొస్తున్నది అది కాదు.

మధ్యలో ఇంకో బండి కోసం ఇరవై నిమిషాలు ఆగాం. దారి పక్కనే ఒక ఆడ ఏనుగు. తొండంతో గడ్డిదుబ్బు చుట్టి పట్టుకుని, ముందరి కాలి గోళ్ళతో దుబ్బు మొదలు దగ్గర తన్ని పీకింది. వేళ్ళకున్న మట్టి రాలేలా కాలికేసి రెండుసార్లు దులిపి, అప్పుడు నోట్లో పెట్టుకుంది. ఇంజన్ ఆపి ఉండడంతో వేళ్ళు తెగే చప్పుడు కూడా వినిపించింది. అంత పెద్ద ప్రాణికి మట్టి పళ్ళకింద పడితే బాగుండదని నాకెప్పుడూ తోచలేదు.

ఇంకా రెండు రోజులుంది. పరుగులొద్దు, ఒకచోట కూర్చుందాం అంటే గైడ్ నొచ్చుకుంటారా? ఏదైనా మిస్సవుతానేమోనని టెన్షన్ కూడా ఉంది.

గడ్డిదారి:
నొచ్చుకోరండీ. బండెక్కాక కాకుండా ఈ రాత్రే చెప్పండి. ఎటు వెళ్ళాలో వాళ్ళు ముందే అనుకుంటారు. చాలామంది బిగ్ ఫైవ్ చూపించమంటారు, ఆ పరుగంతా అందుకే. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న: కాలినడకన వేటాడడానికి ఇవే ప్రమాదమని వేటగాళ్ళు పెట్టుకున్న లెక్క అది. చూడ్డానికి వెళ్ళే మనకి ఆ లెక్కెందుకు? చీతా అందులో లేదు, జిరాఫీ లేదు! నీళ్ళున్న చోటికి తీసుకెళ్ళమనండి. అన్నీ అక్కడికే వస్తాయి.

నీలిరెక్క:
నేను ఫిబ్రవరిలో సెరెంగెటీ దక్షిణాన ఉన్న ఎన్‌డూటు వైపు వెళ్ళాను. వైల్డ్‌బీస్ట్‌లు (మందలుగా తిరిగే పెద్ద జింకజాతి జంతువులు) ఈనే కాలం. ఒక మంద దగ్గర రెండు గంటలు ఆగాం. మొదటి అరగంట బోరు కొట్టిన మాట నిజం. తర్వాత ఒక తల్లి పడుకుంది. పిల్ల నేలమీద పడగానే తడి ఒంటికి దుమ్మంతా అంటుకుంది. వెనక కాళ్ళు లేపింది, ముక్కు నేలకి కొట్టుకుని కూలబడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. బండిలో ఎవరం మాట్లాడలేదు. కాసేపటికే తల్లి వెనక తడబడుతూ నడిచింది. మందతో పరిగెత్తలేని పిల్లని హైనాలు వదలవు, అందుకే పుట్టగానే అంత తొందర.

చలిమంట:
తర్వాత ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలం చూడ్డం కూడా ఉంటే స్వెట్టర్ చేతికందేలా పెట్టుకోండి. బిలం అంచు 2,200 మీటర్లకి పైనే, తెల్లవారుజామున వణికిపోతాం. ముదురు నీలం, నలుపు బట్టలొద్దు. కుట్టే త్సెత్సె ఈగలు వాటి మీదే ఎక్కువగా వాలతాయి.

తొలిప్రయాణం:
గైడ్‌కి చెప్పేశాను. "పోలే పోలే" అని నవ్వారు, మెల్లమెల్లగా అని అర్థమట. ఇవాళ పొద్దున్నంతా ఒక నీటిగుంట దగ్గరే ఉన్నాం. ఒక జిరాఫీ వచ్చింది. ముందు కాళ్ళు ఎడంగా చాపి మెడ వంచబోయి, ఏదో అలికిడికి గబుక్కున లేచి చుట్టూ చూసింది. అలా మూడుసార్లు. నాలుగోసారి తాగింది. మధ్యలో రేడియోలో సింబా అని వినిపించింది. ఆయన నావైపు చూశారు. వద్దన్నాను.